పన్నెండు అడుగులు

నేను సున్నం గీసేటోన్ని.
లాలాగూడ వర్క్‌మెన్ క్లబ్బుకు
ఇరవై ఆరేండ్ల సంది.
నాకంటె ముందు మా నాయిన, బాలనర్సు.

మాది మైదానమంటె మైదానమే,
రైల్వే గోడ దిక్కు జానెడు పల్లం,
గడ్డి కన్న గరుసు జాస్తి.
బంతి గోడ దుంకితె
బోగీలు కడిగే జాగల పడేది,
తడిసి, బరువెక్కి, తీరుబాటుగ తిరిగొచ్చేది.
అందాక ఆట ఆగేది.
గా సందుల్నే శాంతాబాయి
ఉడకవెట్టిన పల్లికాయ అమ్ముడువోయేది.

మూడో డివిజన్ నుంచి రెండోదానికెక్కినం.
ఎక్కిన నెలకే ప్రెసిడెంటు సారు నక్ష పరిచిండు:
శామీర్‌పేట దాటినంక, రింగురోడ్డు పక్క,
పద్దెనిమిది వేల కుర్చీలు.
"గింతమంది యాడికెల్లొస్తరు సారూ?"
"ముందు కుర్చీ ఎయ్యాలె ఈరేశం,
సుట్టం ఆ ఎనుక దిగుతడు."

గడ్డి ప్లాస్టిక్కు.
గీతలు గడ్డిల్నే నేసి తెచ్చిండ్రు,
వానకు పోవు, బూటుకు పోవు,
మల్ల గీసే పనే లేదు.
సున్నం డబ్బా పట్టుకొని
తేదీ తప్పి పెండ్లికొచ్చినోని లెక్క నిలవడ్డ.
జాలివడి ఏడో గేటు కాడ వెట్టిండ్రు,
టికెటు మీద నల్లగీతలు జూసి
కుయ్యిమనే మిషను చేతికిచ్చి.
ఇప్పుడు గూడ గీతల పనే.
నేను గీసినయి కావు, అంతే.

మొదటి మ్యాచికి మూడొందల నలభై మంది.
అన్ని కుర్చీలల్ల
ఒక్క మూలకే, బస్తీల ఇండ్ల లెక్క
ఒత్తుకొని కూసున్నరు.
"అవద్!" అని ఒర్లితె
అవతలి గ్యాలరీ జర ఆగి
ఇంకొకపారి పిలిచేది.

అవద్ బార్కస్ పోరడు.
ఎడమకు కొట్టిన బంతులన్ని
గోలుకు జానెడు పక్క నుంచి పోతున్నయి.
వాని కాలు ఇంకా
లేని పల్లాన్ని లెక్కవెడుతున్నది.

డెబ్బై ఎనిమిదో నిమిషం. పెనాల్టీ.
నాలుగేండ్లల్ల మా గడ్డ మీద
అవద్ తప్పింది లేదు.
గేటు ఇడిసి ఉరికొచ్చిన.
బంతి వెట్టిండు,
గోలును జూసిండు, మల్ల బంతిని జూసిండు,
ఇంట్ల ఏదో సామాను జరిపినట్టు.
కొట్టిండు.
గోలీకి రెప్పపాటు ఎక్కువ దొరికింది.
వేలికొసలు సాలినయి.

ఎవ్వరికి చెప్పని ముచ్చటొకటుంది.
గోలుకు చుక్కకు నడుమ
పన్నెండు గజాలుండాలె.
మా నాయిన టేపు ఎన్నడు తేలే,
గీత కాన్నుంచి పన్నెండు అడుగులేసి
సున్నం బుడ్డ వెట్టెటోడు.
మా నాయిన పొట్టి.
నాయి గూడ ఆ కాళ్లే.

జనం పోయినంక, సగం లైట్లల్ల
నేను నడిచి జూసిన.
పదమూడేస్తె గని అందలే.

మూడు కప్పులు, ఒక షీల్డు.
క్లబ్బు బీరువల ఉన్నయి, తాళమేసి.
వచ్చినోళ్లకు గూడ అదే చుక్క గద,
అన్యాలం ఏముంది అని
నాకు నేనే వకీలునైన కొద్దిసేపు.

తెల్లారి ప్రాక్టీసుకు అందరికంటె ముందొచ్చిండు అవద్.
"ఈరేశ్ భాయ్, ఈడ గోలు దూరమున్నదా?"
లేదు బేటా, కొత్త బూట్లు కరుస్తున్నయేమో,
అందామనే నోరు తెరిచిన.
గోర్లల్ల ఇంకా సున్నం ఉన్నది.

చెప్పిన.
మొత్తం, అడుగులతోని సహా.

నవ్వుతడనుకున్న. తిడుతడనుకున్న.
"మీ నాయిన ఎంతెత్తుండె?" అన్నడు.
నా భుజం కాడ చెయ్యి వెట్టి చూపిచ్చిన.
చెయ్యి తీసినంక గూడ
గా ఉత్త జాగను కొద్దిసేపు జూసి
బంతి తీస్కొని
చుక్క కాడికి నడిచిండు.